కృష్ణ మెషిన్ మీద కృష్ణ మొహం

మా దుకాణంలో కంప్యూటర్ సంగతి తెలిసినవాడు ఒక్కడే ఉండేవాడు. వాడు పోయాడు. ఇప్పుడు ఆ కంప్యూటర్ చేతే వాడి మొహం రాయి మీద చెక్కించాలట. ఇలాంటి బేరం పగవాడి దుకాణానికి కూడా రాకూడదని అనుకున్నాను గానీ, నేను అనుకునేలోపే ప్రమీలమ్మ లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చుని, చేతిసంచిలోంచి కొడుకు ఫొటో తీసింది.

దమ్మపేటలో మాది రాతిపని దుకాణం. మా ఆయన మజహర్, ఆయన నాన్న, ఆ పైన తాత, అందరూ రాతి మీద అక్షరాలు చెక్కి బతికినవాళ్ళే. గుడి ముందు దాతల పేర్లు, బడికి శంకుస్థాపన పలకలు, మసీదు గోడకు ఖురాన్ ఆయతులు, సమాధులకు పేర్లూ తేదీలూ. తెలుగైనా ఉర్దూ అయినా మా ఆయన చెయ్యి పడితే అచ్చు గుద్దినట్టు ఉంటుంది. అయితే అక్షరాలు తప్ప ఆయనకు ఇంకేమీ రాదు. అంచుకు ఓ పూలతీగ వేయమంటే అది కూడా 'ళ'లు వరసగా నిలబెట్టినట్టు వస్తుందని నేను ఏడిపిస్తుంటాను.

వెంకటకృష్ణ ప్రమీలమ్మకు ఒక్కడే కొడుకు. వాళ్ళ తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. ఇప్పుడు అన్నీ పామాయిల్ తోటలే. కృష్ణ ఇంజనీరింగ్ చదివాడు. తోటలో ఉండమని ఇంట్లోవాళ్ళు పంపితే మా షెడ్డులో దొరికేవాడు. ఖమ్మంలో ఎవరో గ్రానైట్ యూనిట్ ఎత్తేస్తుంటే, వాళ్ళ చెక్కుడు మెషిన్‌ను ట్రాక్టరులో వేసుకొచ్చి మా వెనక రేకుల కింద దించాడు. దాన్ని నడపడానికి ఎక్కడిదో పాత కంప్యూటర్ ఒకటి తెచ్చాడు. విప్పాడు, బిగించాడు, మళ్ళీ విప్పాడు. నెలల తరబడి దానితో పోట్లాడాడు. నా వంటింట్లో పాలన్నీ వాడికీ, మా మరిది ఆసిమ్‌కీ టీలకే అయిపోయేవి.

ఆ మెషిన్‌కు ఒక వజ్రపు సూది ఉంటుంది. నున్నటి నల్లరాయి మీద టకటకమని కొడుతూ ఈ అంచు నుంచి ఆ అంచుకు పోతుంది, ఒక వరస కిందికి దిగి మళ్ళీ వెనక్కి వస్తుంది. సూది తగిలిన చోట రాయి తెల్లబడుతుంది. అలాంటి చుక్కలు లెక్కలేనన్ని పడితే ఫొటో వస్తుంది. సూదిని జరిపే మోటారుకు ప్రతి అడుగూ కంప్యూటరే చెప్పాలి, అదీ సరిగ్గా సమయానికి చెప్పాలి. "అంతా లేటెన్సీలోనే ఉంది భాభీ" అనేవాడు కృష్ణ. నా బుర్రకు ఎక్కడం లేదంటే కోలాటంతో చెప్పాడు.

"ఒకళ్ళు కర్ర కాస్త ఆలస్యంగా ఎత్తారనుకో, దెబ్బ వేళ్ళ మీద పడుతుందిగా? ఇదీ అంతే. కంప్యూటర్ మనకు తెలియనంత ఆలస్యం చేసినా చాలు, మోటారు ఒక అడుగు తప్పుతుంది. తప్పానని దానికి తెలియదు. ఆ తప్పిన చోటు నుంచే మిగతాదంతా చెక్కుకుంటూ పోతుంది."

కిందటి వానాకాలం వాడికి జ్వరం వచ్చింది. అడవి అంచు ఊళ్ళలో ఆ కాలంలో జ్వరం రాని ఇల్లు ఉండదు కాబట్టి ఎవరమూ పెద్దగా పట్టించుకోలేదు. సత్తుపల్లి దవాఖానా అన్నారు, తరువాత ఖమ్మం అన్నారు, రక్తంలో కణాలు పడిపోతున్నాయన్నారు. తరువాత ఆంబులెన్స్ వెనక్కి వచ్చింది. ఇరవై ఆరేళ్ళవాడు.

ఇప్పుడు సంవత్సరీకం దగ్గర పడింది. తోట మూలన సమాధి కట్టించారు. దాని మీదికి వాడి మొహం చెక్కిన రాయి కావాలి. ప్రమీలమ్మ భర్త చెంచురామయ్య గారు కొడుకు పోయినప్పటి నుంచి గడప దాటడం లేదు, అందుకని ఆమే వచ్చింది.

మా ఆయన మొదటే చెప్పాడు. "అమ్మా, ఖమ్మంల లేజర్‌తోని చేస్తరు. ఒక్క పూట పని. మంచిగొస్తది. నేనే తీస్కపోయి చేయించుకొస్త."

"వాడి మెషిన్ ఇక్కడుండగా వాడి మొహం ఇంకో చోట చేయించనా భాయ్?" అంది ప్రమీలమ్మ.

ఆసిమ్ ఫొటో తీసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

మొదటి రాయి మీద జుట్టు వచ్చింది, నుదురు వచ్చింది, కనుబొమ్మలు వచ్చాయి. కళ్ళ మధ్యకు వచ్చేసరికి గీత జరిగింది. ఎంతో కాదు, గోరంత. కానీ అక్కడి నుంచి కిందికి మొహమంతా పక్కకు జరిగిపోయింది. చూస్తే ఎవరో రంపంతో అడ్డంగా కోసి, సరిగ్గా అతికించకుండా వదిలేసినట్టు ఉంది. నేను చూడలేక గోనెసంచీ కప్పాను. రెండో రాయి ముక్కు దగ్గర జరిగింది. దాన్నీ తీసుకెళ్ళి గోడవైపు తిప్పి పెట్టాము.

ఇక మొదలైంది మా అవస్థ. కంప్యూటర్ ఎంత ఆలస్యం చేస్తోందో కొలిచే పరీక్ష ఒకటి కృష్ణ అందులోనే పెట్టి పోయాడు. ఆసిమ్ దాన్ని తెరిచాడు. తెర మీద ఒక అంకె కనపడుతుంది, కంప్యూటర్ ఎప్పుడు ఎక్కువ ఆలస్యం చేస్తే అప్పుడు అది పెరుగుతుంది.

"కృష్ణ ఉన్నప్పుడు నాలుగంకెలు దాటకపోయేది భాభీ. ఇప్పుడు చూడు, ఆరంకెలు. మౌస్ జరిపితే సాలు, అంకె ఎగురుతుంది."

"మౌస్ జరపకు మరి."

"గంత అల్కగయితే నాకెందుకు భాభీ ఈ తిప్పలు?"

కోపం వస్తే రానీ, నాకు తెలిసింది అంతే. తెలిసినవాళ్ళు చేసింది మాత్రం ఏముంది? ఆసిమ్ దుమ్ము ఊదాడు. తీగలు మార్చాడు. ఇంటర్నెట్ తీగ పీకేశాడు. మెమరీ చిప్పు తీసి, నా చున్నీ అంచుతో తుడిచి మళ్ళీ పెట్టాడు. ఎర్తు సరిగ్గా లేదేమోనని షెడ్డు వెనక గుంట తవ్వించి, బొగ్గూ ఉప్పూ పోసి, బిందెలతో నీళ్ళు పోశాము. మా ఆయన పొద్దున నమాజ్ అయ్యాక వచ్చి, ఏదో చదివి కంప్యూటర్ మీద ఊదేవాడు. పోనీలే, ఫ్యానుకు సాయమన్నాను. ఆయన నవ్వలేదు. సత్తుపల్లి నుంచి వచ్చిన ఒక కంప్యూటర్ కుర్రాడు ఇదంతా చెరిపేసి కొత్తగా ఎక్కిద్దామన్నాడు. ఆసిమ్ వాడిని కొట్టబోతే నేను అడ్డం వెళ్ళాను.

ఇంత జరుగుతుంటే ప్రమీలమ్మ రోజూ వచ్చి కూర్చునేది. వచ్చేటప్పుడు క్యారియర్‌లో ఏదో ఒకటి వండి తెచ్చేది, పనివాళ్ళకు తెచ్చినట్టు. "ఎంతవరకు వచ్చింది?" అని అడిగేది. ఎంతవరకు రాలేదో చెప్పడానికి మాకు నోరు రాలేదు. కంప్యూటర్ కొంచెం మొరాయిస్తోందని చెప్పేవాళ్ళం. "వాడుంటే ఈపాటికి..." అని, ఆ మాట సగంలో ఆపేసేది.

చివరికి ఆసిమ్ హైదరాబాదులో జైరాంకు ఫోన్ చేశాడు. జైరాం ఇలాంటి మెషిన్లు బాగుచేసేవాడు. కృష్ణ ఆయనతో గంటలకొద్దీ మాట్లాడేవాడు. ఫోన్ స్పీకరులో పెట్టి, ఆయన చెప్పినట్టు ఆసిమ్ కంప్యూటర్ ఆపి, మళ్ళీ వేసి, నీలం రంగు తెర తెరిచాడు. కంప్యూటర్ లేవగానే తన స్వభావం చూసుకునే చోటట అది. వాడు గబుక్కున చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఏమైందిరా?" అన్నాను.

"పాస్‌వర్డ్ అడగలే భాభీ. కృష్ణ దీనికి తాళం వేసుండె. నన్ను గూడ ముట్టనియ్యకపోయేది. ఇప్పుడు అడగకుండనే తెరుచుకుంది."

"తారీకు ఎంత చూపిస్తుంది?" అన్నాడు ఫోన్లో జైరాం.

ఆసిమ్ చదివాడు. ఎప్పటిదో జనవరి ఒకటో తేదీ. అప్పటికి కృష్ణ ఇంకా బళ్ళో చదువుకుంటున్నాడు.

జైరాం ఆ తేదీ మళ్ళీ చదివించుకున్నాడు. తరువాత నెమ్మదిగా చెప్పాడు. "లోపల బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటది తమ్మీ. అది చచ్చిపోయింది. కరెంటు ఉన్నంతసేపు ఏం గాదు. కరెంటు తీసేస్తే మాత్రం, దానికి మనం చెప్పి పెట్టుకున్నయన్నీ మర్చిపోయి కంపెనీల నుంచి వచ్చినప్పటి లెక్క అయిపోతది. మెయిన్ ఎప్పుడన్నా ఆపిండ్రా?"

ఆసిమ్ నా వైపు చూశాడు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడకున్న మెయిన్ స్విచ్చి వైపు చూస్తున్నాడు.

కృష్ణను తోటలోకి తీసుకెళ్ళిన రోజు మా ఆయన అక్కడి నుంచి నేరుగా షెడ్డులోకి వచ్చి ఆ స్విచ్చి కిందికి లాగాడు. "నా ఇంట్ల పిలగాడు పోయిండు. చాలీస్ అయ్యేదాంక దీని సప్పుడు నాకినపడొద్దు" అన్నాడు. మాలో మనిషి పోతే నలభై రోజులు పాటిస్తాం. మెషిన్ మీద నేనే తెల్ల దుప్పటి కప్పాను. నలభయ్యో రోజున నాతో ఖీర్ వండించి వీధిలో పిల్లలకు పంచి, ఏడుస్తూ ఆ స్విచ్చి పైకి ఎత్తాడు. వాడు ఉన్నన్నాళ్ళూ, కరెంటు పోయినా ఆగకుండా ఇన్వర్టర్ కూడా పెట్టుకుని, ఆ స్విచ్చి ఒక్క రాత్రి కూడా ఆపనిచ్చేవాడు కాదని అప్పుడు మాకెవరికీ తట్టలేదు. ఎందుకు ఆపనివ్వడో మేము అడగనూ లేదు.

నలభై రోజులు మేము వాడి కోసం ఏడుస్తుంటే, దుప్పటి కింద ఆ కంప్యూటర్ వాడు నేర్పిందంతా మర్చిపోయింది. తరువాత చెక్కినవన్నీ పేర్లూ పలకలూ కాబట్టి తెలియలేదు. పేరు చెక్కడం ఎంతసేపని? అక్షరం వెంట్రుకవాసి జరిగితే ఎవరు చూస్తారు? మొహం అలా కాదు. పొద్దంతా పడుతుంది, ఎక్కడ జరిగినా కనపడిపోతుంది.

"కృష్ణ ఏమేం మార్చిండో మీకు ఎరుకేనా?" అని అడిగాడు ఆసిమ్.

"ఎరుకైతే చెప్పనా తమ్మీ? ఎన్నిసార్లడిగినా నవ్వేటోడు. ఒక్కో బోర్డుది ఒక్కో గుణం. నాకు తెలిసినయి చెప్త, రాసుకో."

ఆయన చెప్పినవన్నీ ఆసిమ్ ఒక్కొక్కటే ఆపుతూ పోయాడు. కరెంటు ఆదా చేసే తెలివి ఒకటి ఆపాడు. అక్కర్లేనివేవో ఆపాడు. కొత్త బ్యాటరీ వేశాడు. ఆరంకెల అంకె ఐదంకెలకు దిగింది. అక్కడి నుంచి ఎన్ని చేసినా కదల్లేదు. ఇంకేదో ఒకటి ఉంది. అది ఏమిటో తెలిసినవాడు తోట మూలన ఉన్నాడు. నాకు ఆ క్షణంలో కృష్ణ మీదే కోపం వచ్చింది. ఇంత చదివినవాడివి, ఆసిమ్‌కు ఒక్క ముక్క చెప్పి పోతే నీ సొమ్మేం పోయేదిరా అనుకున్నాను. పోతానని వాడికి మాత్రం ఏం తెలుసు?

సంవత్సరీకానికి ముందు రోజు పొద్దున ప్రమీలమ్మ రాగానే మా ఆయన ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. దాచకుండా అంతా చెప్పాడు. గోడకు తిప్పిన రాళ్ళ సంగతి చెప్పాడు, స్విచ్చి సంగతి చెప్పాడు. "మీ పిలగాడు చేసిపెట్టిందంత నేనే పోగొట్టిన అమ్మా" అన్నాడు.

ఆమె గోడకున్న స్విచ్చి వైపు చూసింది. తరువాత అడిగింది. "నలభై రోజులూ ఆపారా?"

"ఆపినమమ్మా."

"పెద్దకర్మ భోజనాలు కాగానే మా చుట్టాలందరూ బస్సులెక్కారు భాయ్. నలభై రోజులు వాడి కోసం ఎవరాగారు?"

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే మా ఆయన తల ఎత్తగలిగేవాడు.

ఆ సైజు రాయి ఇక ఒక్కటే మిగిలింది. అప్పటికి కూడా ఖమ్మం వెళ్ళి రావడానికి సమయం ఉంది, నేనే ఆ మాట అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆసిమ్ సూది వేగం సగానికి సగం తగ్గించాడు. నెమ్మదిగా పోతే తప్పే అవకాశం తక్కువ, అసలు తప్పదని మాత్రం చెప్పలేనని ముందే అన్నాడు. ఒక్కసారి మొదలుపెట్టాక ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు. మౌస్ కదిలించకూడదు, తెర వైపు చెయ్యి చాపకూడదు. అలా నలుగురం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. నా జీవితంలో అంత కష్టమైన పని ఎప్పుడూ చేయలేదు. పిల్లవాడికి జ్వరం వస్తే కనీసం తడిగుడ్డ వేస్తాం. ఇక్కడ అదీ లేదు.

బయట వాన పట్టింది. రేకుల మీద చప్పుడులో సూది చప్పుడు కలిసిపోయింది. జుట్టు వచ్చింది, వాడు ఎప్పుడూ దువ్వని ఆ పక్కపాయతో సహా. నుదురు వచ్చింది. కనుబొమ్మలు దిగాయి. మధ్యాహ్నానికి కళ్ళు పూర్తయ్యాయి. జరగలేదు. ఫొటోలో ఉన్నట్టే, ఏదో చెప్పబోయి ముందే నవ్వుకునే ఆ కళ్ళు. ప్రమీలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ముక్కు వచ్చింది. ఆసిమ్ పెదవులు కదులుతున్నాయి, ఏం చదువుతున్నాడో నాకు తెలుసు. నేనూ అదే చదువుతున్నాను.

ముక్కు కింద, మీసం మొదలయ్యే చోట గీత జరిగింది.

నేను చూశాను. చూడలేదని అనుకోవడానికి ప్రయత్నించాను. ఆసిమ్ చూశాడు, మా ఆయన చూశాడు. సూది మాత్రం ఏమీ కానట్టు ఇంకో వరస కొట్టి, వెనక్కి తిరిగింది.

"ఆపు బాబూ" అంది ప్రమీలమ్మ.

"అమ్మా, గోరంతనే..."

"ఇక్కడి దాకా మావాడే. ఆ కింద వచ్చేది వాడు కాదు. ఆపు."

ఆసిమ్ ఆపాడు. వాడు అక్కడే బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. జరిగిన రెండు వరసలనూ మా ఆయన అరగదీసి, మెరుగుపెట్టి మళ్ళీ నల్లగా చేశాడు. ఆ పని ఆయనకు వచ్చు. అయ్యాక ప్రమీలమ్మ ఆయన వైపు చూసింది.

"మిగతాది నీ చేత్తో చెక్కు భాయ్. ఎలా వస్తే అలా."

మా ఆయన ఉలి తీసుకున్నాడు. రాయి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఫొటో చూసి, రాయి చూసి, ఉలి మొన ముక్కు కింద ఆనించాడు. సుత్తి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఈ ఊళ్ళో సగం సమాధుల మీద పేర్లు ఆ చేతివే.

"నాకు అచ్చరాలే వచ్చునమ్మా" అన్నాడు.

ఆమె సరేనన్నట్టు తలూపింది. "అయితే పేరు చెక్కు."

రాయి అడుగున ఆయన పేరు చెక్కాడు. పేరుకూ ముక్కుకూ మధ్య ఉత్త నల్లరాయి ఉండిపోయింది. అంతకంటే మా చేత కాలేదు.

మర్నాడు వాన తెరిపిచ్చింది. గడ్డి పరిచిన ట్రాక్టరులో రాయిని పడుకోబెట్టాం. ప్రమీలమ్మ పైకి ఎక్కి, రాయి మీద దుమ్ము కొంగుతో తుడవడానికి వంగింది. నేను పక్కనే పట్టుకుని ఉన్నాను. కొడుకు కళ్ళ కింద, ముక్కు కింద, మెరుస్తున్న ఆ ఖాళీలోకి, అద్దంలో పడినట్టు, ఆమె పెదవులూ గడ్డమూ వచ్చి సరిగ్గా కూర్చున్నాయి. గోరంత కూడా జరగలేదు. ఆమె తుడవడం ఆపేసింది. ఆమె కూడా చూసింది. పెదవులు కొంచెం కదిపి చూసుకుంది.

ఆసిమ్ ట్రాక్టరు స్టార్టు చేయబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.